వర్జ్యంలో బూట్‌లోడర్

బూట్‌లోడర్ మార్చడమంటే ఏమిటో తెలియకుండానే ఆ పనిలోకి దిగాను. జగిత్యాలలో ఒక కాలేజీ ఆఫీసులో ఫీజులు రాసుకునేదాన్ని. నాకొచ్చిన కంప్యూటర్ విద్యంతా ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం వరకే. అయితే కోరుట్లలో మా ఇంట్లో ఫోటోలూ పాటలూ దాచుకునే చిన్న స్టోరేజీ పెట్టె ఒకటుంది. అది ఒకరోజు తెరుచుకోవడం మానేసింది. లైటు మిణుకుమిణుకుమంటుంది, అంతే. అందులో అమ్మ బతుకమ్మ పాటలున్నాయి.

మా వాడలో ఏళ్ల తరబడి పాట చెప్పింది అమ్మే. ఆమె చెబితే మిగతా ఆడవాళ్లు అందుకునేవారు. గొంతు ఆపరేషన్ తర్వాత గరగర మిగిలింది, పాట పోయింది. అంతకుముందు ఆమె పూలు పేరుస్తూ ఒంటరిగా పాడుకుంటుంటే ఫోనులో పట్టి ఆ పెట్టెలో దాచాను. ఇంకెక్కడా లేవు. ఇంకో కాపీ ఎందుకు పెట్టలేదని మీరు అడగకండి, మా తమ్ముడు కావలసినంత అడిగాడు.

డిస్కు తీసి లాప్‌టాప్‌కు తగిలిస్తే, మొత్తం తుడిచేయమంటావా అని అడిగింది. భయపడి పీకేశాను. జగిత్యాలలో కంప్యూటర్ షాపతనికి చూపిస్తే, "గీ కంపెనీ దీన్ని ఎప్పుడో ఇడిసిపెట్టింది మేడం, కొత్తది కొనుండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కొత్త పెట్టెలో మా అమ్మ పాడుతుందా? ఇంటర్నెట్‌లో వెతికాను. కరెంటు ఇవ్వగానే పెట్టెకు ముందు ఏం చేయాలో చెప్పే చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్ అట. కంపెనీది తీసేసి వేరేది ఎక్కిస్తే పెట్టె పెన్‌డ్రైవ్‌లోని కొత్త సిస్టంతో నడుస్తుంది, డిస్కులోవి డిస్కులోనే ఉంటాయి. లాప్‌టాప్‌నూ పెట్టెనూ కలిపే వైరు అదే షాపులో కొనుక్కొచ్చాను.

ఆ వైరుకు మూడు తీగలు: ఒకటి చెప్పడానికి, ఒకటి వినడానికి, మూడోది ఎర్త్. పెట్టె విప్పి, నేను చెప్పే తీగను అది చెప్పే తీగకు కలిపాను. తెర మీద ఒక్క అక్షరం రాలేదు. ఇద్దరం మాట్లాడుతున్నాం, వినేవాళ్లు లేరు. మా ఇంట్లో ఇది రోజూ ఉండేదే కాబట్టి తొందరగానే అర్థమైంది. తీగలు అటుదిటు మార్చగానే అక్షరాలు జలజలా వచ్చాయి.

ఆదివారం పొద్దున కొత్త బూట్‌లోడర్ రాయడం మొదలుపెట్టాను. కరెంటు తీయొద్దని తెర హెచ్చరిస్తోంది. నేను దేవుడికి దండం పెట్టుకుంటుండగానే అమ్మ క్యాలెండర్ పట్టుకొని వచ్చి టక్కున స్విచ్ ఆపేసింది.

"వర్జ్యం అచ్చిందే బిడ్డా. జరసేపాగి పెట్టుకో."

"ఏం జేసినవే అమ్మా! కరెంటు తియ్యద్దని గంత పెద్దగ చూపెడుతున్నది గద!"

"ఇంగ్లీషుల చూపెడితె నాకేం ఎరుక? మంచిగ నిలవడాలనే ఆపిన. అందుల ఉన్నయి నా పాటలే గదనే."

ఆ మాట విన్నాక నా కోపానికి ఎటు పోవాలో తెలియలేదు. మళ్లీ స్విచ్ వేస్తే ఆ మిణుకుమిణుకు కూడా లేదు. సిరిసిల్లలో సాంచాలు నడిపే తమ్ముడికి ఫోన్ చేశాను. మరమగ్గాల మోతలో నేను అరిచి చెప్పిందంతా విని, "ఇగ దాన్ని తలుపుకు అడ్డం పెట్టుకో అక్కా" అని నవ్వాడు. టపీమని ఫోన్ పెట్టేశాను. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నాకూ సహించలేదు.

ఇంటర్నెట్‌లో ముఖం తెలియని మనిషెవరో ధైర్యం చెప్పాడు. పెట్టె చావలేదు, కరెంటు ఇచ్చిన మొదటి క్షణాల్లో అదే వైరు మీద చెవి పెట్టి వింటుంది, సరిగ్గా అప్పుడే బూట్‌లోడర్‌ను వైరు గుండా పంపాలి అన్నాడు. లాప్‌టాప్ దగ్గర ఒకరు, స్విచ్ దగ్గర ఒకరు కావాలి. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఏ స్విచ్ ఆపినందుకు అరిచానో దాని దగ్గరే అమ్మను నిలబెట్టాల్సి వచ్చింది.

"ఇప్పుడు ఎయ్యాల్నా?"

"ఆగు!"

"ఇప్పుడు?"

"ఎయ్యి!"

"ఎయ్యంగనే తియ్యాల్నా?"

"తియ్యకు! దూరం జరుగు!"

నేను తొందరపడ్డప్పుడు ఆమె ఆలస్యం, ఆమె తొందరపడ్డప్పుడు నేను ఆలస్యం. ఇద్దరం ఒకరినొకరు తిట్టుకుంటుండగా తెర మీద అక్షరాలు కదిలాయి. ఈసారి రాయడం పూర్తయ్యేదాకా అమ్మ చేతులు వెనక్కి కట్టుకొని స్విచ్‌కు కాపలా కాసింది. పెన్‌డ్రైవ్‌తో పెట్టె తెరుచుకుంది. పాటలన్నీ ఉన్నాయి.

ఆ ఏటి బతుకమ్మకు వాడలో స్పీకర్ పెట్టి అమ్మ పాట వేశాను. ఒంటరిగా పాడుకున్నదే అయినా, అందుకునేవాళ్ల కోసం అలవాటుగా ప్రతి పాదం దగ్గరా ఆగింది. ఆ ఖాళీలో ఆడవాళ్లంతా అందుకున్నారు. ఎప్పుడూ పాట చెప్పిన మా అమ్మ ఈసారి వాళ్లలో ఒకతిగా చప్పట్లు కొడుతూ, గరగర గొంతుతో తన పాటను తానే అందుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమెకు మాత్రం బతుకమ్మల చుట్టూ కాసేపు తిరిగేసరికి ఆయాసమొచ్చి చిరాకు పుట్టింది.

"ఎవలే గిది?" అంది స్పీకర్ వైపు ఉరిమి చూస్తూ. "గింత జల్ది పాడుతున్నది! ముసలోళ్లు అందుకోవద్దా?"