నెస్టా ఇంటి కోట పటం

లాన్‌గ్వెల్ అనే ఊళ్లో ఇంటిపేర్లు మూడో నాలుగో ఉంటాయి. సగం ఊరు జోన్స్‌లు, మిగతా సగం రీస్‌లు, ప్రోబర్ట్‌లు. అందుకని అక్కడ మనిషికి చేసే పనే ఇంటిపేరు. పాలు పోసేవాడు పాల జోన్స్, శవపేటికలు చేసేవాడు పెట్టెల జోన్స్. ఇద్వల్ ప్రోబర్ట్‌ను మాత్రం రాళ్ల ఇద్వల్ అనేవారు.

ఊరి పైన గుట్ట మీద కాస్టెల్ ఎరిర్ ఉంది. ఆరువందల ఏళ్ల కిందట కట్టిన కోట. మూడువందల ఏళ్ల కిందటే కూలింది. ఆ కూలిన కోటను కూలినట్టే నిలబెట్టి ఉంచడం ఇద్వల్ ఉద్యోగం. ఒక్క కొత్త రాయి పెట్టకూడదు, ఒక్క పాత రాయి రాలకూడదు. ఇరవయ్యో ఏట ప్రభుత్వ పనివాళ్ల ముఠాలో చేరింది మొదలు అతను చేసిందంతా రాళ్ల సందుల్లో పాత సున్నం గీకి కొత్త సున్నం కూరడమే. అతనితో పాటు కూరేవాడు సెల్విన్ రీస్.

"ముసలమ్మకి కొత్త పళ్లు కట్టకూడదు, ఉన్న పళ్లు ఊడకూడదు. అదిరా మన పని," అనేవాడు సెల్విన్.

సెల్విన్‌కు ఒక అలవాటు ఉండేది. సున్నం కలపడం అయిందంటే తాపీని బకెట్టు అంచు మీద రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. పరంజా మీద ఉన్న ఇద్వల్ ఆ చప్పుడు విని బకెట్టు పైకి లాగడానికి తాడు వదిలేవాడు. వాళ్లిద్దరి మధ్య మాటలక్కర్లేదు.

పంతొమ్మిది వందల యాభై రెండో సంవత్సరం అక్టోబరులో ఉత్తరపు బురుజు మీద, దాని పక్క గోడ మీద పాకిన ఐవీ తీగ తీసే పని పడింది. తీగ అన్నమాటే గానీ మొదలు మనిషి తొడంత లావుంది. దాని వేళ్లు గోడ లోపలికంటా దిగి, చెడగొట్టిన గోడను తనే పట్టుకుని నిలబెట్టింది. అలాంటి దాన్ని పైనుంచి కొద్దికొద్దిగా తీయాలి. తీసిన మేర సున్నం పట్టించి, అది గట్టిపడ్డాక మాత్రమే మొదలు ముట్టుకోవాలి. ఈ సంగతి ఇద్వల్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఒక శనివారం పొద్దున ఆ బురుజు పక్క గోడ నిలువునా జారి కూలింది. కింద సున్నం కలుపుతున్న సెల్విన్ దాని కిందే చనిపోయాడు. రాళ్లు తీసేసరికి మధ్యాహ్నమైంది.

పై నుంచి వచ్చిన అధికారి హేకాక్ దొర అందరినీ వరసగా పిలిచి అడిగాడు. ఇద్వల్ వంతు వచ్చింది. "నువ్వు చెప్పేదేమైనా ఉందా?" అన్నాడు. ఇద్వల్ తల అడ్డంగా ఊపాడు. పాత గోడ, పాత లోపం అని రాసుకుని ఆయన వెళ్లిపోయాడు.

ఆ తర్వాత శనివారం ఇద్వల్ గొడ్డలి భుజాన వేసుకుని సెల్విన్ భార్య నెస్టా ఇంటికి వెళ్లి కట్టెలు కొట్టి పేర్చి వచ్చాడు. మరుసటి శనివారమూ వెళ్లాడు. కప్పు మీద పలకరాళ్లు జారితే సర్దాడు, పొగగొట్టం దులిపాడు. పని అయ్యాక ఆమె టీ, ఎండుద్రాక్ష రొట్టె పెట్టేది. రెండు మాటలు మాట్లాడుకునేవారు, పొద్దు వాలేలోగా అతను లేచేవాడు. అలా పంతొమ్మిదేళ్లు గడిచాయి. అతను పెళ్లి చేసుకోలేదు. ఊళ్లోవాళ్లు కొంతకాలం నవ్వుకున్నారు, తర్వాత మానేశారు.

ఎవరికీ తెలియనిది ఒకటుంది. సాయంత్రం ముఠా సామాను సర్దుకునే వేళ, ఉత్తరపు గోడకు ఆవలి నుంచి ఇద్వల్‌కు ఆ చప్పుడు వినిపించేది. టక్, టక్. మొదట్లో చుట్టూ తిరిగి వెళ్లి చూసేవాడు. గొర్రెలు ఉండేవి, లేదా గడ్డి ఉండేది. పక్కవాళ్లను "విన్నారా?" అని అడిగాడు ఒకసారి. వాళ్లు అతని ముఖం చూసి, "ఇంటికెళ్లి పడుకో ఇద్వల్, చలి పట్టింది నీకు," అన్నారు. ఇక అడగలేదు. వినిపించినప్పుడు చేతిలో పని ఆపి, ఆ చప్పుడు అయ్యేదాకా నిలబడి, మళ్లీ మొదలుపెట్టేవాడు.

డెబ్బై ఒకటో సంవత్సరంలో నదికి ఆవల పెద్దింటి దొరసాని చనిపోయింది. నెస్టా ఆమె దగ్గర వంట చేసేది. దొరసాని తన వీలునామాలో నెస్టాకు ఒక పటం రాసింది. హాల్లో వేలాడుతుండే పాత తైలవర్ణ చిత్రం, కాస్టెల్ ఎరిర్‌ది. 'ఆమె భర్తకు సంబంధించిన చోటు గనక' అని రాయించిందట. మంచి మనసుతోనే రాయించి ఉంటుంది.

బండివాడు దాన్ని తెచ్చి ముందు గదిలో గోడకు ఆనించి పోయాడు. శనివారం ఇద్వల్ రాగానే నెస్టా అంది, "కట్టెలు తర్వాత. ముందు ఇది తగిలించు. పొయ్యి పైన. రాతిగోడ, మామూలు మేకు దిగదు."

ఇద్వల్ గోనెపట్టా తీసి చూశాడు. బంగారు పూత ఊడిన బరువైన చట్రం. లోపల నూట పాతికేళ్ల పొగ, వార్నీషు కలిసి తేనె రంగు చీకటి. ఆ చీకట్లోంచి నది, నీళ్లు తాగుతున్న ఆవులు, గుట్ట, ఒక్కొక్కటే తేలాయి. ఆపైన ఉత్తరపు బురుజు. దాని పక్కన ఆ గోడ చెక్కు చెదరకుండా నిలబడి ఉంది.

"మన కోటేగా?" అంది నెస్టా.

"మన కోటే."

"ఆ గోడ ఇదేనా?"

"ఇదే."

ఆమె దగ్గరకొచ్చి వేలు చూపించింది. గోడ మొదట్లో, నీడలో, గోధుమ రంగు మచ్చలాగా ఒక ఆకారం ఉంది. వంగి ఏదో చేస్తున్న మనిషిలా ఉంది. "బండివాడు దింపినప్పుడే చూశా. సరిగ్గా మా ఆయన నిలబడ్డ చోటే కదూ? ఎవరో గొర్రెల కాపరి అయ్యుంటాడు. నేను మాత్రం సెల్విన్ అని పేరెట్టేశా. రోజూ పొద్దున్నే పలకరిస్తున్నా."

ఇద్వల్ ఉలితో గోడకు కన్నం పెట్టాడు. ఇనప కొక్కెం దిగేసి, పటం ఎత్తి తగిలించాడు. ఆ మచ్చ వైపు చూడకుండా సామాను సర్దుకున్నాడు.

ఆనాటి నుంచి ఆ చప్పుడు కోట మీద వినిపించడం మానేసింది. నెస్టా ముందు గదిలో వినిపించసాగింది. టీ కప్పు చేత్తో పట్టుకుని పొయ్యి ఎదురుగా కూర్చుంటాడు. పటం వైపు చూడకూడదనుకుంటాడు. టక్, టక్. తల ఎత్తితే ఆ వంగిన మనిషి, ఆ పైన గోడ. రాళ్లు ఏ క్షణాన జారతాయా అన్నట్టు ఇద్వల్ కుర్చీ వెనక్కి జరిపేవాడు.

రెండు నెలలు అలా భయపడ్డాక అతనికి వేరే ఆలోచన పుట్టింది. ఆ గోడలో అప్పటికే, నూట పాతికేళ్ల కిందటే, బీట ఉండి ఉంటే? అధికారి రాసిందే నిజమై ఉంటే? గోడ ఎలాగైనా కూలేదే అయితే? చిత్రకారుడు అక్కడ కూర్చుని కళ్లతో చూసి వేశాడు కదా. చూసి ఉంటే వేసి ఉంటాడు. ఆ ఆలోచన పట్టుకున్నాక అతనికి తిండి సహించలేదు.

నవంబరులో ఒక శనివారం నెస్టా బుట్ట తీసుకుని దుకాణానికి వెళ్లింది. ఇద్వల్ వంటింట్లోంచి ఒక బంగాళాదుంప తీసి రెండుగా కోశాడు. పటాల మసి వదిలించడానికి ఊరి ప్రార్థనామందిరం, చాపెల్ వాళ్లు అదే వాడేవారు. కుర్చీ ఎక్కి, గోడ ఉన్న చోట మెల్లగా రుద్ది, రుమాలుతో తుడిచాడు. నల్లటి జిడ్డు వచ్చింది. మళ్లీ రుద్దాడు. బూడిద రంగు రాయి బయటపడింది, చాలా చక్కగా వేసిన రాయి. దాని మీద, పై అంచు నుంచి కిందికి, సన్నని నల్లని గీత.

ఇద్వల్ ఊపిరి వదిలాడు. కుర్చీ మీద నిలబడే కళ్లు మూసుకున్నాడు. పంతొమ్మిదేళ్ల తర్వాత గుండెల మీంచి ఎవరో లేచినట్టయింది.

ఆ గీత ఎంత పైకి పోయిందో చూద్దామని ఇంకాస్త రుద్దాడు. గీత గోడ దాటింది. ఆకాశంలోకి వెళ్లింది. మబ్బులో రెండుగా చీలింది. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. రంగు ఎండి పగిలిన గీతలు అవి. ఆకాశానికి బీటలుండవు.

"ఆ గోడలో ఏం వెతుకుతున్నావ్ ఇద్వల్?"

నెస్టా గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"బీట," అన్నాడు.

"ఏం బీట?"

అతను కుర్చీ దిగాడు. దుంప ముక్క చేతిలోనే ఉంది. "గోడ కూలే ముందు రోజు సాయంత్రం, సెల్విన్ వెళ్లాక, ఆ తీగ మొదలు కోసేసింది నేనే. సందులు పూడ్చకుండా కోశా. మంచు పడేలోగా పని తెమిలిపోవాలని. రాత్రికి రాత్రి ఏమవుతుందిలే అనుకున్నా. సెల్విన్‌కి పొద్దున చెబుదాం అనుకున్నా. నేను గుట్ట ఎక్కేసరికే వాడు గోడ కింద బకెట్టు పెట్టేసుకున్నాడు. నేను పిలిచేలోపే..."

"ఆ అధికారికి చెప్పలేదు."

"లేదు."

"నాకూ చెప్పలేదు."

"లేదు నెస్టా."

ఆమె బుట్ట బల్ల మీద పెట్టింది. రొట్టె తీసింది, వెన్న తీసింది, ఖాళీ బుట్ట మేకుకు తగిలించింది. ఆ తర్వాతే ఇటు తిరిగింది.

"అయితే ఇన్ని శనివారాలూ దీని కోసమేనన్నమాట."

అతను దుంప ముక్కను రుమాలులో చుట్టాడు.

"నేనింకోలా అనుకున్నా," అంది. నడుముకున్న ఏప్రన్ ముడి విప్పింది. "ప్రతి శనివారం ఉతికింది కట్టుకున్నా ఇద్వల్. ఎప్పుడో ఒకప్పుడు ఈ మనిషి నోరు విప్పి అడుగుతాడని. మా అక్క నవ్వింది, పాల జోన్స్ భార్య నవ్వింది. అయినా కట్టుకున్నా. ఇవాళ నోరు విప్పావు. విప్పి చెప్పింది ఇదీ."

ఇద్వల్ ఆ సంగతి ఎన్నడూ ఊహించలేదు. ఊహించే ధైర్యమే చేయలేదు అనడం నిజం. ఆ ఇంట్లో టీ తాగడమే దొంగసొత్తులా అనిపించేవాడికి అంతకు మించి ఆశ ఎక్కడిది?

"వెళ్లు," అంది. "గొడ్డలి కూడా పట్టుకుపో."

ఆ శీతకాలం ఆమె తలుపు తీయలేదు. అతను గేటు దగ్గర పెట్టిన కట్టెల మోపు వానకు నాని, నాచు పట్టి, అక్కడే ఉండిపోయింది. చాపెల్‌లో రెండు వరసలు ముందు కూర్చునేది, వెనక్కి తిరిగేది కాదు. పటాన్ని గోడవైపు తిప్పేసిందని పక్కింటావిడ చెప్పింది. ఇద్వల్ జరిగిందంతా రాసి కోటను చూసే ప్రభుత్వ శాఖకు ఉత్తరం పంపాడు. ఆ విషయం ఏనాడో ముగిసిందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. శిక్ష కోసం ఎదురుచూసినవాడికి ఆ జవాబు ఏ శిక్షకన్నా కష్టంగా ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏం చేయాలో తెలియక.

మార్చిలో ఒక మధ్యాహ్నం, గాలి విసురుగా ఉంది. ఇద్వల్ ఉత్తరపు బురుజు దగ్గర ఒక్కడే సున్నం గీకుతున్నాడు. ఇంకో ఏడాదిలో ఉద్యోగం అయిపోతుంది. అడుగుల చప్పుడు విని తిరిగి చూస్తే నెస్టా. సెల్విన్ పోయాక ఆమె గుట్ట ఎక్కడం అదే మొదలు. ఆయాసపడుతోంది.

"పటం మళ్లీ ఇటు తిప్పా," అంది పలకరింపు లేకుండా. "నువ్వు సగం తోమి వదిలేశావుగా, చూడ్డానికి గజ్జి పట్టినట్టుంది. మిగతాది నేనే తోమా."

ఇద్వల్ చేతులు దులుపుకుని నిలబడ్డాడు.

"ఆ కింద ఉన్నది మనిషి కాదు. ముళ్లపొద. మూడు నెలలు పొదకి గుడ్ మార్నింగ్ చెప్పా." గాలికి ఎగురుతున్న తలగుడ్డను గడ్డం కింద పట్టుకుంది. "అందులో లేడు గనక ఇక్కడికొచ్చా. ఎక్కడున్నాడో చూపించు. సరిగ్గా చూపించు."

అతను చూపించాడు. తను వచ్చిన దారి, నిలబడ్డ మెట్టు. తర్వాత పది అడుగులు వేసి, గడ్డి మీద ఒకచోట ఆగాడు. ఆమె వచ్చి ఆ చోట నిలబడి పైకి చూసింది. గోడ లేని ఖాళీలోంచి మబ్బులు పరుగెడుతున్నాయి.

"చివరిగా ఏమన్నాడు నీతో?"

"ముందు రోజు సాయంత్రం అన్నదే. దిగిపోతూ."

"ఏమన్నాడు?"

ఇద్వల్ తటపటాయించాడు. "నెస్టా చేసిన రొట్టె ముక్క ఈ సందులో పెడితే వందేళ్లు కదలదురా, సున్నం దండగ అన్నాడు."

నెస్టా నోరు తెరిచి అతన్నే చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపయింది. గోడకు చెయ్యి ఆనించి ఏడ్చింది. "దొంగసచ్చినోడు," అంది తలగుడ్డతో ముక్కు తుడుచుకుంటూ. "అలా అన్న రోజే పొద్దున మూడు ముక్కలు తిని పోయాడు."

"నాలుగు. నాకని తెచ్చింది కూడా వాడే తిన్నాడు."

ఆమె రాయి మీద కూర్చుంది. "అంతకుముందేమన్నాడు? ఆ వారమంతా ఏమన్నాడు?"

ఇద్వల్ చెప్పాడు. పగళ్లన్నీ ఆమెకన్నా తనే ఎక్కువ గడిపాడు ఆమె మొగుడితో. పరంజా మీంచి వాడు పాడిన తప్పుడు పాటలు, అధికారి టోపీలో పెట్టిన కప్ప, నెస్టాకు జ్వరం వచ్చిన వారం పనిలో ఒక్క మాటా మాట్లాడకపోవడం. ఆ చివరిది ఆమెకు తెలియదు. మళ్లీ చెప్పమంది. వాన తుంపర మొదలయ్యేదాకా చెప్పాడు.

లేస్తూ అంది, "క్షమించాననుకోకు."

"అనుకోను."

"రేపు పని ఎన్నింటికి మొదలు?"

"ఎనిమిదింటికి."

మర్నాడు తొమ్మిది కాకుండానే ఆమె ఫ్లాస్కుతో గుట్ట ఎక్కింది. గాలి తగలని మూల చూసుకుని కూర్చుంది. ఆ ఏడాది పొడుగునా, వాన లేని రోజుల్లో, అతను సందుల్లో సున్నం కూరుతూ సెల్విన్ గురించి చెబుతూ ఉండేవాడు. ఆమె వింటూ ఉండేది. అబద్ధమనిపించిన చోట ఆపి, మళ్లీ మొదటినుంచి చెప్పించుకునేది.