మూడు చుక్కల కుట్టుమిషను నూనె

“నూనె గురించి నాకు ఒకడు చెప్పేదేంటి రఘూ? ముప్పై ఎనిమిదేళ్లు తొక్కాను సైకిలు. ఒక్క ఆదివారం కూడా నూనె వెయ్యకుండా వదల్లేదు. మీ నాన్న స్కూటరు కొన్నాడు, అది పోయాక ఇంకోటి కొన్నాడు, ఆ తర్వాత మరోటి. నాది మాత్రం అదే సైకిలు. ఇప్పటికీ తొక్కితే చప్పుడు రాదు. అంచేత, వద్దని చెప్పినవాడి మాట నేను చెవిని పెట్టలేదు. అదీ జరిగింది.”

“ఎవరు చెప్పారు మావయ్యగారూ? ఏం వద్దన్నారు?” అన్నాడు రఘురామ్.

“చెప్తాను. ముందు ఆ తలుపు దగ్గరగా వెయ్యి. అమ్మాయి లోపలుంది.”

రఘురామ్ లేచి తలుపు చేరవేసి, మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతను గుడివాడలో ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాడు. మచిలీపట్నం పోస్టాఫీసులో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్ళి వస్తాడు. అతని తండ్రీ, గోపాలకృష్ణమూర్తిగారూ ఒకే హైస్కూల్లో పక్కపక్క బల్లల దగ్గర గుమస్తాలుగా పనిచేశారు. బళ్ళో పనిచేసిన పుణ్యానికి మూర్తిగారిని వీధంతా మేష్టారనే పిలుస్తుంది. ఆయన ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పింది లేదు గానీ, రిటైరై ఆరేళ్లయినా ఆ పిలుపు ఆయనకు ఇష్టమే.

లోపలున్న అమ్మాయి హరిచందన, ఆయన కూతురు. గుడ్లవల్లేరు ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు. కాలర్‌బోను విరిగి, ఎడమ చెయ్యి మెడకు వేసిన పట్టీలో పెట్టుకుని పన్నెండు రోజులుగా ఇంట్లోనే ఉంది. దసరా సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజు, కాలవ వంతెన దిగుతూ సైకిలు మీంచి పడిందని వీధిలో అందరికీ తెలుసు. ఎందుకు పడిందో ఇద్దరికే తెలుసు. ఒకరు మూర్తిగారు. రెండోవాడు బందరులో ఉన్నాడు.

ఈ సైకిలు సంగతి ఎండాకాలంలో మొదలైంది. బస్సులో నిలబడి వెళ్ళి, నిలబడి రావడం విసుగొచ్చిన హరిచందన ఒకరోజు “సైకిలు కొనుక్కుంటాను నాన్నా” అంది. పది కిలోమీటర్ల దారి. కూతురు తన దారికొచ్చిందని మూర్తిగారు పొంగిపోయి, మర్నాడే వెళ్ళి నల్ల సైకిలొకటి తెద్దామన్నారు. ఆమె ఫోన్లో చూపించింది అది కాదు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, సన్నటి గొట్టాలు, గళ్ళగళ్ళ టైర్లు. సైక్లోక్రాస్ అంటారట.

“ఇది పందేలకి కదటే?”

“పందేలకే నాన్నా. కానీ తారు రోడ్డు మీద కాదు, బురదలోనూ గడ్డిలోనూ వేసుకునే పందేలు. మన రోడ్డు సంగతి మీకు తెలీదా?”

ఆ మాటకు ఆయన కాదనలేకపోయారు. కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది. మిగతా సగం ట్రాక్టర్లది. సైకిలువాడు గట్టు మార్జిన్లోకి దిగాల్సిందే. వానొస్తే అక్కడి నల్లమట్టి చక్రాన్ని ముద్దలా పట్టుకుంటుంది. మామూలు బ్రేకుల్లో రబ్బరు ముక్కలు చక్రం అంచుని పట్టుకుని ఆపుతాయి. ఆ అంచే బురదలో మునిగితే ఇంకేం పట్టుకుంటాయి? డిస్కు బ్రేకు అలా కాదు. చక్రం మధ్యలో, ఇరుసు దగ్గర పళ్ళెంలాంటి ఉక్కురేకు ఒకటి తిరుగుతుంటుంది. బ్రేకు పట్టేది దాన్ని. బురద అక్కడిదాకా రాదు. ఇదంతా హరిచందన అన్నం కంచం ముందు గరిటె తిప్పి చూపిస్తూ చెప్పింది.

డిస్కుకి ఆయన ఒప్పుకున్నారు. అల్యూమినియం ఫ్రేముకి మాత్రం ఒప్పుకోలేదు.

“తేలిగ్గా ఉంటుంది నాన్నా.”

“విరిగితే? ఉక్కనుకో, బందరు హార్బరులో పడవలకి వెల్డింగు చేసేవాడైనా అతికిస్తాడు. దానికి ఎవడున్నాడు?”

నెల్లాళ్ళు ఇంట్లో ఇదే వాదన. చివరికి ఆయన భార్య బాలసరస్వతమ్మగారు మజ్జిగ గిన్నె కింద పెట్టి, “నన్ను చూడ్డానికొచ్చినప్పుడు కాఫీ తాగి పది నిమిషాల్లో సరేననేశారు. ఈ సైకిలుకి నెల్లాళ్ళా?” అంది.

“అప్పుడు బ్రేకుల సంగతి అడగాలని తట్టలేదు” అన్నారు మూర్తిగారు. ఆ పూటంతా ఆవిడ మాట్లాడలేదు.

అలా తండ్రి మాట మీద ఉక్కూ, కూతురి మాట మీద డిస్కూ ఖాయమయ్యాయి. తెప్పించి బిగించినవాడు శామ్యూల్ రాజ్. మచిలీపట్నంలో గిలకలదిండి వెళ్ళే రోడ్డు పక్కన అతనికి సైకిలు షాపుంది. చేపలబుట్టలు మోసే సైకిళ్ళూ, ఐసు బళ్ళూ బాగుచేస్తూనే, గేర్ల పనీ డిస్కుల పనీ ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాడు. రఘురామ్‌కి అతను బాగా తెలుసు. అతని గురించి మొదట మూర్తిగారికి చెప్పింది కూడా రఘురామే.

“సైకిలు చేతికిచ్చిన రోజు చెప్పాడు రఘూ. ‘ఉప్పుగాలి ఉక్కుని లోపల్నుంచి తినేస్తుందండి. ఏడాదికోసారి సీటు ఊడదీసి గొట్టంలో నూనె తిప్పండి. చైనుకి వెయ్యండి. డిస్కు జోలికి మాత్రం వెళ్ళకండి మేష్టారూ. నూనె అంటిన చెయ్యి కూడా దానికి తగలనివ్వకండి’ అన్నాడు. సరే సరే అన్నాను. ఇనుముకి నూనె వద్దనేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను అనుకున్నాను మనసులో.”

వానలు మొదలయ్యాక ఆ డిస్కు అరవడం మొదలుపెట్టింది. తడిసిన రోజు బ్రేకు వేస్తే వీధి చివరిదాకా వినపడే కీచు. హరిచందన పట్టించుకోలేదు, తడికి అంతే నాన్నా, ఆరితే పోతుంది అంది. ఎదురింటి ఆంజనేయులు ఊరుకుంటాడా? “మేష్టారూ, అమ్మాయిగారు ఇంటికొస్తే మీకు కాలింగు బెల్లు అక్కర్లేదండోయ్” అని రోజూ ఒకటే నవ్వు. చప్పుడు లేని సైకిలుకి పేరుపడ్డ మనిషి ఇంట్లోంచి ఆ కీచు రావడం మూర్తిగారికి తలవంపుగా తోచింది.

దసరా పండగనాడు ఆయన రెండు సైకిళ్ళూ కడిగారు. గంధం, కుంకుమ బొట్లు పెట్టి, హ్యాండిళ్ళకు బంతిపూలు కట్టారు. ఏటా చేసేదే. తల్లీకూతుళ్ళు గుడికి వెళ్ళారు. చేతికందేంత దూరంలో కుట్టుమిషను నూనె డబ్బా ఉంది.

“మూడే చుక్కలు రఘూ. ముందు డిస్కు మీద మూడు, వెనక దాని మీద మూడు. పాత పంచె ముక్కతో చుట్టూ పులిమాను. చక్రం తిప్పి బ్రేకు నొక్కి చూశాను. ఒక్క చప్పుడు లేదు. చక్రం వెంటనే ఆగనూ లేదు. ఆ సంగతి చూశాను. చూసి, కొత్త నూనె కదా, రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను.”

రఘురామ్ తల వంచుకుని వింటున్నాడు. మూర్తిగారు తన అరచేతుల్లోకి చూసుకున్నారు.

ఆ తర్వాతది అందరికీ తెలిసిన కథే. సెలవులన్నాళ్ళూ సైకిలు బయటికి తీయలేదు. కాలేజీ తెరిచిన రోజు పొద్దున్నే రోడ్డు ఖాళీ. చదునైన నేల, వంతెన దాకా బ్రేకు అవసరమే రాలేదు. వంతెన దిగుతుంటే ఎదురుగా గడ్డి ట్రాక్టరు అడ్డం తిరుగుతోంది. హరిచందన రెండు బ్రేకులూ నొక్కింది. సైకిలు ఆగలేదు. ట్రాక్టరు కిందికి పోకుండా హ్యాండిలు తిప్పేసింది, రోడ్డు పక్క రాళ్ళ మీద పడింది.

“ఆస్పత్రిలో ఏమందో తెలుసా? ‘తప్పు నాదే నాన్నా, వేగంగా దిగాను’ అంది. విని నాకు హాయిగా అనిపించింది రఘూ. ఒక్క క్షణమే అనుకో. అది తల్చుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.”

మూడో రోజు శామ్యూల్ రాజ్ కబురు తెలిసి షాపు మూసుకుని వచ్చాడు. ఇదే అరుగు ముందు సైకిలు తిరగేసి, చక్రం ఊడదీశాడు. డిస్కుని పట్టి ఆపే బ్రేకు ప్యాడ్లు బయటికి లాగి గోటితో గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తలెత్తి మూర్తిగారి మొహంలోకి చూశాడు.

“నేను కళ్ళు దించుకున్నాను. దాంతో వాడికి మొత్తం అర్థమైపోయింది. అప్పుడే అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. ‘ఏమైందండీ బ్రేకుకి?’ అంది. వాడు డిస్కుని గుడ్డతో గట్టిగా తుడిచేసి, ఆ గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. ‘ప్యాడ్లు నేనే సరిగ్గా బిగించలేదమ్మా. నా తప్పే’ అన్నాడు.”

రఘురామ్ తల పైకెత్తాడు. “శామ్యూల్ అలా అన్నాడా?”

“అన్నాడు. అమ్మాయి ఊరుకుంటుందా? నొప్పి, కోపం. ‘ఒకరి ప్రాణం మీదికొచ్చే పని ఇలాగేనా చేసేది? తెలీకపోతే తెలీదని చెప్పాలి, వీడియోలు చూసి మెకానిక్కులైపోతే ఎలా?’ అంది. ఇంకా చాలా అంది. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన నేను. అంతా వింటూ ఉన్నాను.”

అంతటితో ఆగి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆగలేదు. హరిచందన సైకిలు చూసి వాళ్ళ కాలేజీలో ఇంకో నలుగురు లెక్చరర్లు అలాంటివే కావాలని శామ్యూల్‌కి చెప్పుకున్నారు. ఆమె స్టాఫు గ్రూపులో జరిగిందంతా రాసింది. నలుగురూ వద్దనేశారు. నిన్న రైల్లో గుడ్లవల్లేరు కుర్రాళ్ళెవరో ఆ షాపు గురించి వెటకారంగా మాట్లాడుకోవడం రఘురామ్ స్వయంగా విన్నాడు. నిజమేమిటో కనుక్కుందామనే ఈ పొద్దున వచ్చాడు. వచ్చి ఒకే ఒక్క మాట అడిగాడు, శామ్యూల్ అలాంటి పని చేసే మనిషి కాదే, ఏమైంది మావయ్యగారూ, అని. ఆ మాటకే మూర్తిగారు నూనె గురించి ఎత్తుకున్నారు.

“హరితో నన్ను చెప్పమంటారా? మెల్లగా చెప్తాను” అన్నాడు రఘురామ్.

మూర్తిగారు జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. హరిచందన కుడిచేత్తో ఫోను పట్టుకుని బయటికొచ్చింది.

“రఘూ, నువ్వూ ఉన్నావా, మంచిదైంది. ఆ సైకిలు కాస్త ఎండలోకి తోస్తావా? ఫోటో తీసి అమ్మకానికి పెడతాను. నెల్లాళ్ళు వెతికి వెతికి మేం కొన్నది ఇదీ. దీనికంటే బస్సే నయం.”

రఘురామ్ కదల్లేదు. మూర్తిగారు మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి నిలబడ్డారు. నిలబడి చెప్పాల్సిన మాట అనిపించిందేమో.

“ఫోటో వద్దమ్మా. ఆ డిస్కులకి నూనె రాసింది నేను. పండగనాడు. వద్దని శామ్యూల్ ముందే చెప్పాడు. అయినా రాశాను. వాడు వచ్చిన రోజు వాసన చూసి కనిపెట్టాడు. నీ ముందు నా పరువు పోకూడదని తన మీద వేసుకున్నాడు.”

హరిచందన ఫోను దించింది. లోపల బాలసరస్వతమ్మగారి గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“నూనె రాశారా?” అంది.

“అరుస్తోంటే...”

“సర్లెండి. తెలీక చేశారు, పడ్డాను, ఎముక అతుక్కుంటుంది. కానీ నాన్నా, ఆయన్ని నేను అన్నేసి మాటలంటుంటే మీరు పక్కనే ఉన్నారు. మీకు కాఫీ కూడా నేనే ఒంటిచేత్తో తెచ్చిచ్చాను. తాగుతూ విన్నారు.”

మూర్తిగారికి కాఫీ సంగతి గుర్తులేదు. ఆమె చెప్పాక గుర్తొచ్చింది. గ్లాసు ఖాళీ అయిందని కూడా గుర్తొచ్చింది. ఆయన అరుగు మీద కూలబడ్డారు. హరిచందన ఆయన పక్కన కూర్చోలేదు. అలాగని లోపలికీ వెళ్ళలేదు, స్తంభానికి ఆనుకుని నిలబడి ఫోన్లో శామ్యూల్ నెంబరు వెతకసాగింది.

“నేనిప్పుడే ఫోన్ చేసి క్షమించమని అడుగుతాను.”

“నువ్వు కాదు” అన్నారు మూర్తిగారు. “నీకు తెలిసింది నువ్వన్నావు. ఫోన్లో అయ్యే పని కూడా కాదు ఇది. ఫోన్లో అయితే వాడు ‘పర్లేదు మేష్టారూ’ అనేస్తాడు, నేనూ ఊపిరి పీల్చుకుంటాను. వాడి పేరు పోయింది మీ స్టాఫు రూములో. చెప్పాల్సింది అక్కడ. రేపు నీ బదులు నేను వెళ్తాను మీ కాలేజీకి, ఆ నలుగురితో మాట్లాడాలని కబురు పెట్టు.”

“నలుగురి ముందు చెప్తారా?” అంది హరిచందన. ఆయన ఎవరి ముందూ తప్పు ఒప్పుకోగా ఆమె చూడలేదు.

“చెప్తాను.”

“నేనూ వస్తాను అయితే” అంది ఆమె. “గ్రూపులో రాసింది నేను.”

మూర్తిగారు రఘురామ్ వైపు తిరిగారు. గొంతులో పాత గుమస్తా గట్టితనం కాస్త వచ్చింది.

“రఘూ, నువ్విప్పుడే బందరు బస్సెక్కు. ఆదివారం కదా, శామ్యూల్ చర్చి నుంచి వచ్చేవేళకి ఇంటి దగ్గరుండు. రేపు పదిన్నరకి వాణ్ణి గుడ్లవల్లేరు కాలేజీ గేటు దగ్గరికి తీసుకురావాలి నువ్వు. నీ ఆఫీసుకి సెలవు పెట్టు, ఏమనుకోకు. నేను క్షమాపణ చెప్తాననకు, అంటే రాడు. అమ్మాయి సైకిలుకి కొత్త ప్యాడ్లు వెయ్యాలట, సామాను తెచ్చుకోమన్నారని చెప్పు. అబద్ధం కాదులే, సైకిలు ఆటోలో వేయించుకొస్తాను, ప్యాడ్లూ వేయిద్దాం. దార్లో మాత్రం ఒక్క మాట చెప్పి ఒప్పించాలి నువ్వు. లోపల నేను మాట్లాడుతున్నంతసేపూ నోరెత్తకూడదని, మధ్యలో వచ్చి నన్ను వెనకేసుకు రాకూడదని చెప్పు. వెళ్ళు, బస్సుకి వేళవుతోంది.”