సగం సిపాయి సంబంధం

ఆ రోజుల్లో కొలువు సంపాదించడం కంటే, అదేమిటో గల్లీవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడమే కష్టం. నేను నాచారంలో సీసా మూతల ఫ్యాక్టరీలో మిషన్ నడుపుతూనే టెరిటోరియల్ ఆర్మీలో చేరాను. ఏటా కొన్నాళ్లు శిక్షణకు వెళ్లాలి, పిలిస్తే హాజరవ్వాలి, మిగతా కాలమంతా మన పని మనదే. శిక్షణ రోజులకు జీతం, తిండి, క్యాంటీన్ సరుకులు; తిరిగొచ్చేదాకా ఫ్యాక్టరీలో మన ఉద్యోగం మనకోసం ఉంచాలి. ఇంత మంచి షరతులు పెళ్లిలో కూడా ఉండవని మురిసిపోయేవాణ్ణి (అప్పటికి నాకు పెళ్లి కాలేదు, అయినా తెలిసినట్టే మాట్లాడేవాణ్ణి).

మా ఉప్పల్ గల్లీలో మాత్రం ఇది ఎవరి బుర్రకూ ఎక్కలేదు. మిలిటరీ బట్టలేసుకుని ట్రంకు పెట్టెతో బస్సెక్కినవాడు రెండు నెలలకే తిరిగొచ్చి, లుంగీ కట్టుకుని పాలప్యాకెట్ కోసం నిలబడితే అనుమానం రాదా మరి? పక్కింటి పెద్దమ్మ ఒకరోజు నన్ను చాటుకు పిలిచి, "నిజం జెప్పు బిడ్డా, చెప్పకుంట ఉరికొచ్చినవా?" అని అడిగింది. పారిపోయి రాలేదని షరతులన్నీ వివరించాను. ఓపికగా విని, "ఫికర్ జెయ్యకు, మేం ఎవ్వరికీ జెప్పం" అంది.

అప్పుడే మౌలాలి నుంచి సంబంధం వచ్చింది. ఆ అమ్మాయిని బంధువుల పెళ్లిలో చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు (క్యాంటీన్ బిస్కెట్లు మాత్రం సహించేవి). అబ్బాయి ఎలాంటివాడో వాకబు చేద్దామని వాళ్ల మేనమామ ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా స్కూటర్ మీద దిగాడు. రైల్వే ఉద్యోగే గాని, ఆ బుర్రమీసాలూ, పొట్టి క్రాపూ, నల్ల బూట్లూ చూస్తే నన్ను పట్టుకుపోవడానికి వచ్చిన మిలిటరీ పోలీసులాగే ఉన్నాడు. "మిలిటరీల జేసే పిలగాడు గీడ్నే ఉంటడా?" అని అడగడమే ఆలస్యం, పెద్దమ్మ "గసుంటోడు ఈడ ఎవ్వడు లేడు" అనేసింది. కిరాణా సేటు "నేనైతే ఎన్నడు సూడలే" అన్నాడు. స్నానం చేసి తువ్వాలుతో బయటికి రాబోయిన నన్ను పెద్దమ్మ లోపలికి నెట్టి గొళ్లెం పెట్టింది.

స్కూటర్ చప్పుడు దూరమయ్యాక తలుపు తీసి, "బతికినవ్ పో బిడ్డా. మౌలాలి నుంచి వచ్చినన్నడు, నీకోసమే" అంది గర్వంగా.

మౌలాలి అన్న మాట చెవిన పడగానే వచ్చింది అమ్మాయి మేనమామ అని అర్థమైంది. ఉన్నపళంగా తువ్వాలుతోనే పరుగెత్తాను. గల్లీ చివర స్కూటర్ ఆపి ఇంకెవరినో అడుగుతున్న ఆయన్ను అందుకుని, "మామా, నేనే ఆ పిలగాన్ని! ఉరికొచ్చినోన్ని గాను!" అని రొప్పుతూ షరతులన్నీ మళ్లీ అప్పజెప్పాను. ఆయన మీసాలు అదిరేలా నవ్వి, "గల్లీ అంత నీకోసం అబద్ధమాడిందంటే పిల్లనియ్యొచ్చు తియ్" అన్నాడు.

ఆ పిల్లే ఇప్పుడు నా బొత్తాం పట్టని యూనిఫాం చూసి నవ్వుతూ ఉంటుంది. పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మేముండే అపార్ట్‌మెంట్‌లో నా గురించి ఎవరడిగినా ఫ్లాట్ నంబరు చెప్పి, లిఫ్టు చూపిస్తారు. తప్పేమీ లేదు. కానీ తువ్వాలుతో పరుగెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వెనకే ఆ గొళ్లెం చప్పుడు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.