బాగుచేసినందుకు

పిన్ని ఇల్లు చోడవరంలో, పిన్ని ఉండేది ఆస్ట్రేలియాలో, ఆ ఇంటి పనులకి తిరగాల్సింది మాత్రం విశాఖలో ఉన్న నేను.

ఆవిడ అక్కడ వృద్ధాశ్రమంలో నర్సు. ఇక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో కూడబెట్టి కొనుక్కున్న ఇల్లది. ఇప్పుడు బట్టలు కుట్టే అక్క అందులో అద్దెకుంటోంది. ఆ అద్దె మీద పిన్ని అక్కడి ప్రభుత్వానికి పన్ను కట్టాలి. ఇంటికి చేయించిన పని ఖర్చు అందులోంచి తగ్గించుకోవచ్చు.

"పోయిన వానలకి పాడైన వెనకగది సేయించేను కదే. ఆ బిల్లు ఇంగ్లీషులో పెట్టి పంపు. ఈ తగ్గింపు వస్తే ముందుగది కూడా సేయిస్తాను. నేకపోతే నా వల్ల కాదు, ఇల్లు అమ్మీడమే" అంది ఫోన్లో.

ముందుగది అంటే అక్క కుట్టుమెషీన్లున్న గది. ఇల్లు చేతులు మారితే ఆమె ఎక్కడికో పోవాలి. వీధిలో ఇన్నేళ్లుగా అలవాటైన గిరాకీ అంతా పోతుంది. ఆ సంగతి ఆమె నాతో అనలేదు గానీ, బిల్లు కోసం వెళ్లినప్పుడు రెండుసార్లు టీ ఇచ్చింది.

మేస్త్రి ఇచ్చిన తెల్లకాగితం మీద ఒకటే ముక్క: "ఇల్లు బాగుచేసినందుకు". కింద మొత్తం, సంతకం. తిరుగు బస్సులో దానికి ఇంగ్లీషు ఏమిటా అని ఫోన్లో కొట్టి చూస్తే "హౌస్ ఇంప్రూవ్‌మెంట్" అని వచ్చింది. వినడానికి గొప్పగా ఉందని అలాగే పంపేశాను.

మర్నాడు పిన్ని ఫోను.

"ఒసే, ఇంప్రూవ్‌మెంటని రాసేవేటే! పాడైంది మునుపటిలా సేస్తే రిపేరంట, ఈ ఏడాదే అంతా తగ్గిస్తారంట. మునుపటికన్నా గొప్పగా సేస్తే ఇంప్రూవ్‌మెంటంట, ఏళ్లకేళ్లు కొంచెం కొంచెం తగ్గుతాదంట. మా ఆడిటర్ సెప్పేడు. అసలేటి సేయించేనో నువ్వే తేల్చు."

మన దగ్గర రెండింటికీ 'బాగుచేయడం' అనే అంటాం. ఫోను మీదా, మేస్త్రి మీదా, ఆ మాట మీదా ఒకేసారి ఒళ్లు మండింది. మళ్లీ చోడవరం బస్సెక్కాను.

అక్క కబురు పెడితే మేస్త్రి ఇంటికొచ్చాడు.

"'బాగుచేసినందుకు' అన్నది కొట్టేసి, రిపేరు అని రాయండి. అంతే" అన్నాను.

"రిపేరేటమ్మా? సైకిలికి పంచరేసేనా? పడిపోయీ గదిని కొత్తింటిలాగ సేసేను. ఈదిలో ఎవుల్నయినా అడుగు."

"ఆ కొత్తిల్లు అన్న మాటే వద్దంటున్నాను!"

"అరవకమ్మా. గోడ మళ్లీ పగుల్తాది."

అక్క నోట్లో దారం పెట్టుకునే నవ్వింది. నాకు ఇంకా మండి, ఫోన్లో పాత ఫొటోలు తీసి ఆయన ముందు పెట్టాను. వానల్లో ఒకసారి వచ్చినప్పుడు గది నిండా బకెట్లు చూసి, "అద్దె తీసుకుంటూ ఇదేనా నువ్విచ్చే ఇల్లు" అని పిన్నితో పోట్లాడ్డానికి పగులు పగులుకీ తీసినవి అవి.

మేస్త్రి ఫోను లాక్కుని ఒక్కొక్కటీ జరిపి చూశాడు. గొంతు తగ్గింది.

"అబ్బ, ఎంత పాడైపోనాదో మర్సిపోనాను. దీన్ని మునుపున్నట్టు తేవడానికి సచ్చేనమ్మా."

"మునుపున్నట్టా?"

"మరేటి? కప్పు అదే, గోడ అదే."

"అదేనండీ నేను మొత్తుకుంటున్నది! దాన్నే రిపేరంటారు."

ఆయన ఫోను తిరిగిచ్చి, "అలాగయితే రాయి" అన్నాడు. కప్పుకి ఊడిన పెచ్చులు తీసి మళ్లీ పూత పూయడం, పగిలిన గొట్టం మార్చడం, కుంగిన గచ్చు సరిచేయడం. రాస్తూ రాస్తూ కిటికీ మీది సన్‌షేడు కూడా అందులోనే కలిపేశాను. ఆయన వేలు దాని మీద పెట్టాడు.

"ఇది కొట్టీ. సన్‌షేడు మునుపు నేదు. నాను కొత్తగా ఏసిందే. దాన్ని రిపేరంటే ఒప్పుకోను."

"ఎవరు చూడొచ్చారండీ?" అన్నాను. కానీ బిల్లు మొదలెట్టినప్పుడే పిన్నికి ఫోను చేసి స్పీకర్లో పెట్టాను.

"ఆయన సెప్పినట్టే రాయవే. రేపు అడిగితే సమాధానం సెప్పుకోవాల్సింది నాను."

సన్‌షేడుకి వేరే బిల్లు రాశాం. ఫొటోలతో కలిపి అన్నీ పంపాను.

కొన్ని వారాలకి పిన్ని వాయిస్ మెసేజ్ వచ్చింది. రిపేరు ఖర్చంతా ఈ ఏడాదికే లెక్కకొచ్చింది. సన్‌షేడుది మాత్రం ఏళ్ల మీద మెల్లగా తగ్గుతుంది. "ముందుగది మొదలెట్టమను" అని చివర్లో అంది. వెనకాల ఏదో గిన్నె చప్పుడు, ఆవిడ నవ్వు.

నేను మళ్లీ చోడవరం వెళితే, మేస్త్రి ముందుగది కప్పు వైపు చూసి గీరగా అడిగాడు.

"ముందే సెప్పు. రిపేరు సెయ్యాలా, బాగుసెయ్యాలా?"

"మునుపున్నట్టు చెయ్యండి."

"కొంచెమైనా బాగుసెయ్యకపోతే నా సెయ్యి ఊరుకోదమ్మా."

"దానికి వేరే బిల్లు!"

"మీరిద్దరూ తరవాత దెబ్బలాడుకుందురు గాని, ఈ మెషీను ఓ పక్క పట్టు పాపా" అంది అక్క.

ముందుగా కప్పుకి నాలుగు వైపులా ఫొటోలు తీశాను. తర్వాత ఫోను జేబులో పెట్టి, మెషీను పట్టుకున్నాను.