గంజి పెట్టిన జామాకు

మా పడమటింటి మావయ్య ఆరేసుకున్న తెల్లపంచె మీద నల్లటి చుక్కలు పడిన రోజున గొడవ మొదలైంది. ఆయన పంచెను దండెం మీంచి లాగి, గోడ దగ్గరికి వచ్చి, మా పెరటి మీదుగా తూర్పు వైపు కేకేశాడు.

"ఒలే, నీ పిక్కల పొగంతా నా పంచెకి పూసీసినావు కదే! రేపు నా మొకానికి పూత్తావేటి?"

తూర్పింటి వదిన తన రేకుల షెడ్డులోంచి బయటికి కూడా రాలేదు. "మొకానికి ఎందుకు మావా, అక్కడ ముందే ఉన్నాది కదా" అని లోపల్నుంచే జవాబిచ్చింది. అక్కడ జీడిపిక్కలు కొడుతున్న ఆడవాళ్లు పకాల్న నవ్వారు. మధ్య పెరట్లో బట్టలు తీస్తున్న నేను నవ్వు కనబడకుండా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

మాది కాశీబుగ్గలో ఒక పక్కవీధి. మూడిళ్ల వాళ్లం వరసలు కలుపుకున్నామే గాని చుట్టరికం లేదు. భర్త పోయాక వదినకు మిగిలింది ఇంటి పక్కన ఆ షెడ్డు, అందులో జీడిపిక్కలు కాల్చే డ్రమ్ము. చాలామంది ఇప్పుడు బాయిలర్లలో పిక్కలు ఉడకబెడుతున్నారు. ఆమె మాత్రం పాత పద్ధతిలో కాలుస్తుంది. కాల్చిన పప్పు రుచి వేరని అడిగి కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. కాల్చేటప్పుడు తొక్కలోని నూనె మండి, కళ్లు చురచురలాడే పొగ వస్తుంది. అది నిజమే. ఎవరూ కాదనలేరు.

మావయ్యకు నిమ్మాడ వైపు పొలాలున్నాయి. వార్డు నాయకులు ఆయన అరుగు మీద కూర్చుని టీ తాగుతారు. కాశీబుగ్గలో ఆయనకున్న భూమి పెరడు మాత్రమే గనక దాన్నే పొలంలా చూసుకుంటాడు. ఒక జామ, ఒక నిమ్మ, కరివేపాకు, రెండు మల్లె పొదలు. ఆ వేసవిలో వాటి ఆకులన్నీ మసిగుడ్డతో రుద్దినట్టు నల్లబడ్డాయి. పంచె సంగతి ఆయన మర్చిపోయేవాడేమో గాని జామచెట్టు సంగతి మర్చిపోలేదు. సాయంత్రం వీధిలో నలుగురినీ పిలిచి చెప్పాడు.

"సోమవారం మున్సిపాలిటీకి ఎల్తన్నాను. ఆ డ్రమ్ము ఎత్తించీకపోతే నాను నాను కాదు."

ఆయన వెళ్తే పనవుతుందని అందరికీ తెలుసు. డ్రమ్ము పోతే వదినకు మరో ఆధారం లేదని కూడా తెలుసు. అయినా ఎవరూ అడ్డుచెప్పలేదు, ఎందుకంటే ఆయన మాట సబబుగానే ఉంది. మా వైపు గాలి సముద్రం నుంచి, అంటే తూర్పు నుంచి, వీస్తుంది. షెడ్డు తూర్పున ఉంది. పిక్కల కాలం వేసవి, ఆకులు నల్లబడిందీ వేసవిలోనే. కిందటేడు కూడా అంతే. వానలు పడి డ్రమ్ము ఆగాక ఆకులూ శుభ్రపడ్డాయి. ఇంతకన్నా రుజువేం కావాలి?

నాకు మాత్రం అనుమానంగా ఉంది. నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. మొదట కథల పుస్తకాలు చదివాను, అవి అయిపోయాక ఎవరూ ముట్టని బీరువాకి వచ్చాను. వ్యవసాయం, తోటలు, పురుగులు, తెగుళ్లు. ఆ బీరువా నాకు కంఠతా వచ్చునని చెప్పుకోడానికి నాకేమీ సిగ్గు లేదు. అందులో నేర్చుకున్న మొదటి పాఠం, ఇప్పటికీ మొక్కల గురించి అడిగినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: ఆకు జబ్బుపడితే ముందు వెనక్కి తిప్పి చూడండి. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ ఎండకు, వానకు దొరకకుండా ఆకు అడుగునే కాపురముంటాయి. పైన మనకు కనబడేది చాలాసార్లు అవి చేసిన పనే గాని అవి కావు.

మర్నాడు పొద్దున గోడ మీదుగా మా వైపు వంగిన జామకొమ్మ పట్టుకుని ఒక ఆకు తిప్పాను. పైన నల్లగా ఉన్న ఆకు అడుగున తెల్లగా ఉంది. మైదాపిండి రాలినట్టు పొడి, దాని మధ్యలో వేలితో ముగ్గు తిప్పినట్టు గుండ్రటి చుట్టలు. కొమ్మ కదిపితే ఈకముక్కల్లాంటి సన్నటి దోమలు లేచి మళ్లీ అక్కడే వాలాయి. పైవైపు ముట్టుకుంటే జిగురు. చీమలు బారులు తీరి తిరుగుతున్నాయి. పొగకి చీమలు రావు కదా.

తలెత్తి చూశాను. జామచెట్టు మీద గొడుగు పట్టినట్టు మా కొబ్బరిచెట్టు మట్టలు పరుచుకుని ఉన్నాయి. పడమటి గోడ మూలన నేనే పెట్టిన చెట్టు అది. ఉద్దానంలోని మా పుట్టింటి తోట నుంచి మొలక తెచ్చి పెట్టాను. తిత్లీ తుపానుకి ఆ తోట మొత్తం పడిపోయింది, ఇది నిలబడింది. కిందికి వేలాడుతున్న మట్ట ఒకటి కర్రతో దగ్గరికి లాగి చూస్తే ఆకు అడుగున అవే చుట్టలు. జామ మీద ఉన్నదానికి ఎన్నో రెట్లు.

దీన్ని పుస్తకాల్లో సర్పిలాకార తెల్లదోమ అంటారు. చుట్టలుగా గుడ్లు పెడుతుంది గనక ఆ పేరు. ఆకు రసం పీల్చి, తియ్యటి జిగురు కిందికి కారుస్తుంది. ఆ తీపి మీద నల్లటి బూజు పెరుగుతుంది. ఆ బూజు ఆకుని తినదు, ఎండ తగలకుండా కప్పేస్తుంది, అంతే. జిగురు పైనుంచి పడుతుంది గనక నలుపు ఆకు పైవైపే ఉంటుంది. ఈ దోమకి ఎండాకాలం అంటే ఇష్టం, పెద్దవాన అంటే పడదు. పిక్కల కాలమూ దీని కాలమూ ఒకటే కావడం వదిన దురదృష్టం.

ఆ సంగతి మా ఆయనకు చెప్పాను. ఆయన అంతా విని, గ్లాసులో టీ పూర్తిచేసి అన్నాడు.

"బాగానే కనిపెట్టినావు. నిజం సెప్తే ఏటవుద్ది? డ్రమ్ము ఉంటాది, మన సెట్టు పోద్ది. మావ గొడ్డలొట్టుకొని వచ్చీస్తాడు."

"సెప్పకపోతే వదిన బతుకు పోద్ది కదండి."

"నిన్ను లైబ్రరీకి పంపడం నాదే బుద్దితక్కువ."

"మీరు పంపితే ఎల్లినానేటి?"

ఆయన నవ్వాడు గాని వద్దని మాత్రం అనలేదు. నేను చీర సరిచేసుకుని పడమటింటికి వెళ్లాను. మావయ్య జామచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆకు తిప్పి చూపించి, అది మా కొబ్బరి మీంచి వచ్చిన దోమేనని దాచకుండా చెప్పి, చివర్న పుస్తకంలో ఉన్న పేరు కూడా చెప్పాను.

"దీన్ని మసి తెగులంటారు మావయ్యా."

ఆ పేరు చెప్పడం నా పొరపాటు. ఆయన చెయ్యి గాల్లోకి లేచింది.

"మసి! మసే కదే కోడలా నాను మొదట్నుంచీ సెప్తన్నది! నీ పుస్తకం కూడా నా మాటే సెప్పినాది."

"ఆ మసి కాదు మావయ్యా. ఇది బూజు. మసిలా ఉంటాదని ఆ పేరెట్టినారు."

"మసిలా ఉంటాది, మసి అంటారు, గాని మసి కాదు. లైబ్రరీలో ఫ్యాను గాలికి నిద్దరొచ్చి కలగన్నావేటే?"

ఇంటికొచ్చి ఆలోచించాను. మసి తెగులు వదలాలంటే పల్చటి గంజి చల్లమని చదివాను. గంజి ఎండి పెచ్చుగా లేచేటప్పుడు బూజుని కూడా తనతో లేపుకుపోతుంది. బూజు ఆకు మీద పరిచిన గుడ్డలాంటిది, లోపలికి దిగదు. జీడితొక్కల పొగలో నూనె ఉంటుంది గనక ఆ మసి అలా లేవకూడదు. ఈ రెండో మాట పుస్తకంలో లేదు, నా సొంత ఊహ. ముందు ఇంట్లో ప్రయత్నించి చూడాల్సింది. కాని ఆదివారం వచ్చేసింది, మర్నాడు సోమవారం.

కుక్కరు వచ్చాక మా ఇంట్లో గంజి కనబడటం మానేసింది. ఆ పొద్దున గిన్నెలో ఎసరు పెట్టి, అన్నం వార్చి, గంజిని మజ్జిగతేటంత పల్చగా చేశాను. ఉప్పు వెయ్యలేదు. ఉప్పుగంజి తాగడానికి బాగుంటుంది గాని ఆకుని మాడుస్తుంది. మావయ్యను గోడ దగ్గరికి పిలిచాను. వదినను కూడా పిలిచి, పొగగొట్టం పక్కనున్న అరటాకు ముక్క కోసుకు రమ్మన్నాను. ఆ ఆకు నిజంగా పొగచూరినది.

"నా మసి నాను దాసుకోను మరదలా" అంటూ మా పెరట్లోకి తెచ్చి పడమటి గోడ మీద పెట్టింది. "ఇదిగో మావా, ఇది నాది. ఆ సెట్టు మీదది ఎవరిదో తేల్సుకో."

జామకొమ్మకు గుడ్డతో గంజి పూశాను. అరటాకుకూ పూశాను. రెండింటినీ ఎండకు వదిలాం. మావయ్య కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని కాపలా కూర్చున్నాడు, నేను మధ్యలో ఏదైనా చేస్తానేమోనని. వదిన పిక్కల దగ్గరికి వెళ్లలేదు. మా పెరట్లోనే నిలబడి కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ఎండ నెత్తికెక్కేసరికి జామాకు మీద గంజి బీటలు వారింది. మావయ్య స్వయంగా ఆకుని వంచాడు. పెచ్చు చిటుక్కున లేచింది, దానితో పాటు నలుపూ లేచింది. కింద ఆకు కొత్తగా పుట్టినంత పచ్చగా ఉంది. ఆయన ఇంకో ఆకు వంచాడు, ఇంకోటి. తర్వాత అరటాకు తీసుకుని గోటితో గీకాడు. గంజి తెల్లగానే ఊడింది. నలుపు అక్కడే ఉంది. బొటనవేలితో రుద్దితే ముద్దగా పాకి వేలికి పట్టింది. ఆ వేలిని కళ్ల దగ్గరికి తెచ్చి చూసుకున్నాడు.

"ఓలమ్మో" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "అయితే దొంగ నీ పెరట్లోనే ఉన్నాడన్నమాట. సెట్టు కొట్టించీ."

మా ఆయన అప్పటికే గడపలో నిలబడి ఉన్నాడు. చెప్పలేదా అన్నట్టు చూశాడు. వదిన మాత్రం ఊరుకోలేదు.

"నిన్న డ్రమ్ము ఎత్తించీమన్నావు, నేడు సెట్టు కొట్టించీమంటన్నావు. రేపు మా ఇద్దర్నీ బండెక్కించి నౌపడ ఉప్పుమళ్లకి తోలీ మావా, నీ పంచె తెల్లగుంటాది."

"మావయ్యా," అన్నాను, "ఈ దోమ మీ జామ మీద కూడా కాపురం పెట్టీసినాది. కొబ్బరి కొట్టినా జామ మీద ఉంటాది. అప్పుడు జామ కూడా కొట్టించాల. తర్వాత వీధిలో అరటి, సీతాఫలం. ఎక్కడ ఆపుదాం?"

జామ అనేసరికి ఆయన తగ్గాడు. పోనీ వేరుకి మందు కట్టించమన్నాడు. కొబ్బరివేరు కోసి మందు సంచి కట్టే పద్ధతి ఒకటుంది. నేను ఒప్పుకోలేదు. ఆ మందు చెట్టులోకి ఎక్కుతుంది, ఆ చెట్టు బొండాలు వీధిలో అందరం తాగుతాం. కిడ్నీ జబ్బుల భయం ఉన్న మా ప్రాంతంలో ఆ మాట రెండోసారి చెప్పనక్కర్లేదు. పైగా మందు కొడితే దోమకన్నా ముందు దాని శత్రువులు చస్తాయి. తెల్లటి పిల్లదోమల్లో అక్కడక్కడ నల్లగా మారినవి కనబడతాయి. వాటి లోపల చీమతలకన్నా చిన్న కందిరీగ పిల్ల ఉంటుంది. అది దోమను లోపల్నుంచి తిని, చిన్న బెజ్జం చేసుకుని ఎగిరిపోతుంది. అలాంటి నల్లవి ఉన్న ఆకులు కొయ్యకూడదు, తగలబెట్టకూడదు. మావయ్యకు అది కనబడటానికి ఆయన చదువుకునే అద్దం తెప్పించాల్సి వచ్చింది.

సోమవారం ఆయన మున్సిపాలిటీకి వెళ్లలేదు. వెళ్లలేదని చెప్పనూ లేదు. వదిన డ్రమ్ము చప్పుడు విని మాకు తెలిసింది.

ఆ వేసవంతా మేం చేసినవి చిన్న పనులే. మోటారు పైపుతో మట్టల అడుగు వైపు గట్టిగా నీళ్లు కొట్టాం. పైవైపు కడిగితే ఉపయోగం లేదు. జామకీ నిమ్మకీ వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కొంచెం కుంకుడు రసం వేసి, ఎండ తగ్గాక ఆకు అడుగున తడిసేలా చల్లాం. పసుపు రంగు ప్లాస్టిక్ షీట్లకు ఆముదం రాసి కట్టాం. దోమలు వాటికి అంటుకున్నాయి. మట్టలు ఎక్కువ నరకలేదు, నరికితే చెట్టు నీరసిస్తుంది. దోమ పూర్తిగా పోయిందా అంటే పోలేదు, తగ్గింది. కాపు కూడా కొంత తగ్గింది. ఆ మాట దాచను.

పొగ మాత్రం పొగే. మావయ్య దగ్గుకి తెల్లదోమ కారణం కాదని ఆయన గట్టిగా చెప్పాడు, నేనూ ఒప్పుకున్నాను. వదిన గొట్టాన్ని రేకుల పైకి ఇంకాస్త ఎత్తించింది. అది వీధంతా చెప్పినందుకు కాదు, తన ఇష్టంతో ఎత్తించుకున్నానని ఇప్పటికీ అంటుంది.

ఈ ఏడు మళ్లీ పిక్కల కాలం వచ్చింది. మా కొబ్బరి మట్టలు మావయ్య డాబాకి దగ్గర గనక పైపు ఆయనే పట్టుకుంటాడు. మొన్న పొద్దున పైనుంచి కేకలు వినబడ్డాయి.

"ఈ వయసులో నీ సెట్టుకి నీల్లు పోసి సాకిరీ సేత్తన్నాను కోడలా. ఆ పక్క దాని పొగ తాగుతన్నాను. నా కర్మ సూడు."

"మాటలాపి పైపు సరిగ్గా ఒట్టుకో మావా" అని తూర్పు నుంచి వదిన అరిచింది. "నీల్లు పెరడు దాటొచ్చీసి ఇక్కడ ఆరేసిన పిక్కలు తడిసిపోతన్నాయి!"

"తడవనీ. కాల్సుతావు కదా, ఎండిపోతాయి."

వదిన ఏదో అన్నది గాని డ్రమ్ము తిరిగే చప్పుడులో నాకు వినబడలేదు.