మామయ్య, నేను, చుక్కల కథ

మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, పోయిన కబురు ఉస్మాన్‌గంజ్‌లో ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి పాకేసరికి మధ్యాహ్నమైంది. తోటి మిర్చి వ్యాపారులు, హమాలీలు, చుట్టాలతో మా వరండా నిండిపోయింది. వచ్చినవాళ్ళంతా ఆయన మాట తప్పని మనిషి అనీ, ఎవరితోనూ లొల్లి పెట్టుకోలేదనీ చెప్పుకున్నారు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపే ఆయన పాత స్నేహితుడు మాత్రం కాళ్ళ దగ్గర చాలాసేపు నిలబడి, "ఆఖరీ హిస్సా దేఖే బగైర్ చలే గయే సేఠ్" అన్నాడు. ఆఖరి భాగం చూడకుండానే పోయావు అని. దేని ఆఖరి భాగమో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

మామయ్యకు ఒక పిచ్చి ఉండేది. ఆకాశంలో నడిచే ఒక పెద్ద సినిమా కథ. భాగాల మీద భాగాలు, నడుమ సీరియళ్ళు, రాజ్యాలు, యుద్ధాలు. అందులో ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చడానికి పెళ్ళిళ్ళ పేరయ్య కూడా చాలడు. హిందీలో వచ్చేది, ఆయన దానికి చుక్కల కథ అని పేరు పెట్టుకున్నారు. గ్రహాన్ని ఊరు అనేవారు, నౌకను బండి అనేవారు. బండికి దీపం పెట్టుకుని జనాన్ని ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు దాటించే ముసలామె ఒకావిడ అందులో ఉంది. అందరినీ ఇళ్ళకు చేరుస్తుంది, తాను మాత్రం సొంత ఊరికి పోలేదు. మామయ్యకు రాజులతో పనిలేదు. ఆ ముసలామె ఇల్లు చేరుతుందా లేదా, అదొక్కటే ఆయనకు కావాలి.

కొత్త భాగం విడుదలైన రోజు దుకాణం సగం షట్టరు దించేవారు. ఎవరైనా అడిగితే ఇంట్లో ముఖ్యమైన పని ఉందనేవారు. మిర్చి ఘాటు పోయేలా తలారా స్నానం చేసి, ఉతికిన లాల్చీ తొడుక్కుని సినిమా హాలుకు బయలుదేరేవారు, పెళ్ళికి పోతున్నట్టే. కథ ముందుగా ఎవరైనా చెప్పబోతే, "మూట విప్పకముందే మిర్చి రంగు చెప్పొద్దు" అని నోరు మూయించేవారు. ఆయనకు నచ్చని సంగతులూ ఉండేవి. "గంత పెద్ద రాజ్యం, ఒక్క కూరగాయల మార్కెట్ కనబడదు. తింటరేంది వీళ్ళు?" అని ప్రతి భాగానికీ విసుక్కునేవారు. ఇన్ని భాగాలు తీసినవాళ్ళకు ఆ ఆలోచన ఎందుకు రాలేదో నాకూ తెలియదు.

మా నాన్నది గుంటూరు వైపు, ప్రభుత్వోద్యోగం. ఆ ఇంట్లో ఎవరి ముందు కూర్చోవాలి, ఎవరితో మాట్లాడాలి అనే లెక్క ఉండేది కాదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక తెలిసింది, ఇక్కడ కోడలు మామ ఎదుట కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. మామయ్య కఠినుడేమీ కాదు. ఆయన అమ్మ కాలం నుంచి వస్తున్న పద్ధతి అది, పెట్టినవాళ్ళు పోయారు, తీసేసేవాళ్ళు లేరు. నాకు ఒళ్ళు మండేది. కాలేజీ రోజుల నుంచి అదే చుక్కల కథకు నేనూ దాసురాలినే మరి. ఒకే ఇంట్లో ఇద్దరం, ఒకే పిచ్చి, నడుమ గడప.

పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని ఏదో భాగం చూస్తున్నారు. "వీడు సచ్చిండు గదా, మల్ల ఎట్ల వచ్చె?" అని తనలో తాను అనుకున్నారు. వంటింటి గడప దగ్గర నిలబడ్డ నేను ఆగలేకపోయాను. అక్కడే బియ్యం ఏరుతున్న అత్తయ్యతో, "చచ్చినవాడు వేరు, ఇతను తమ్ముడు, చెప్పండి అత్తయ్యా" అన్నాను.

అత్తయ్య చాటలోంచి తల ఎత్తకుండా, "తమ్ముడంట. కోడలు చెప్తుంది. నాకైతే ఇద్దరు దొంగల్లెక్కనే ఉన్నరు" అంది.

హాల్లో టీవీ శబ్దం తగ్గింది. తర్వాత మామయ్య గొంతు వినిపించింది. "ఏ తల్లి కొడుకో అడుగు జర."

అట్లా మొదలైంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మా మామాకోడళ్ళ సంభాషణ అంతా అత్తయ్య మీదుగానే నడిచింది. ఆమె చింతపండు గింజలు తీస్తూ, పప్పు చెరుగుతూ, ఏ చుక్క మీద ఎవరు తిరగబడ్డారో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మోసేది. మోస్తూ తిట్టేది కూడా. "మీ ఇద్దరి నడుమ నా పానం తీస్తున్నరు" అనేది.

తర్వాత షుగరు వల్ల మామయ్య చూపు పోతూ వచ్చింది. మాటలైతే వినిపిస్తాయి గానీ, తెర మీద జరిగేది కనిపించదు. కొత్త భాగం టీవీలో పెట్టుకున్న రోజు అత్తయ్య పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "బండి పోతుంది. ఇంకో బండి వస్తుంది. అగో, మంట."

"ఎవరి బండికి మంట?"

"నాకేం ఎరుక? అన్ని బండ్లు ఒక్క తీరే ఉన్నయి."

"ముసలామె బతికిందా?" ఆయన కుర్చీలో ముందుకు వంగారు.

నేను గడప దగ్గర నుంచి బతికిందని చెప్పాను. యుద్ధం మోతలో నా మాట ఎవరికీ వినిపించలేదు. అప్పుడు మామయ్య గడప వైపు ముఖం తిప్పారు. "బిడ్డా, నువ్వే చెప్పు" అన్నారు.

ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. నేను అత్తయ్య వైపు చూశాను. ఆమె లేచి, తన పీటను కుర్చీ పక్కకు జరిపింది. "కూసో. నిలబడి చెప్తే ఆయనకు వినబడదు" అంది, ఇన్నేళ్ళూ అడ్డు వచ్చింది ఆయన చెవులే అన్నట్టు. నేను కూర్చున్నాను. నాకు అంత సంతోషం ఈ ఇంట్లో అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఆ తర్వాత పాత భాగాలన్నీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. "నీ గొంతుల బొమ్మ సాఫ్ కనబడుతది" అనేవారు. ఆఖరి భాగం వాయిదా పడుతూ పోయింది. ఒకరోజు మందులు వేసుకుంటూ, "గప్పటిదాక ఉంటనో లేదో. లేకుంటే నువ్వు చూసి నాకు చెప్పు" అన్నారు. అట్లా మాట్లాడకండి మామయ్యా అన్నాను గానీ, చెప్తానని కూడా అన్నాను.

ఆఖరి భాగం ఆయన పోయిన కొన్నాళ్ళకు వచ్చింది. నాకు పెట్టబుద్ధి కాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యే వచ్చి, "పెట్టు" అంది. ఇద్దరం చూశాం. ఎవరు ఎవరని ఆమె ఒక్కసారీ అడగలేదు. అయిపోయాక టీవీ తానే ఆపి, "ఇగ చెప్పు ఆయనకు" అంది.

"మీరు చెప్పండి అత్తయ్యా."

"నేను చెప్తే నమ్మడు."

ఖాళీ కుర్చీతో మాట్లాడాలంటే సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టాను. "మామయ్యా, ముసలామె ఇల్లు చేరింది. ఊరు కనబడగానే ఏడ్చింది, తర్వాత బండి దీపం ఆర్పి..."

"గట్ల గాదు" అంది అత్తయ్య. "ముందుగాల దీపం ఆర్పింది. ఇగ ఎవ్వరిని దాటించేది లేదని. గప్పుడు ఏడ్చింది. సక్కగ చెప్పు."

నేను ఆగి, మళ్ళీ దీపం దగ్గర నుంచి మొదలుపెట్టాను.