నేల మీద గడువు

పోయిన నెల తమిళం మాట్లాడే మా ధర్మపురిలో జిల్లా జూడో పోటీలకు వార్త రాయడానికి వెళ్ళాను. గ్యాలరీలో కూర్చుని పేర్లు రాసుకుంటూ ఉంటే రెఫరీ "మత్తే!" అని అరిచాడు. ఆగమని చెప్పే జపాను మాట అది. రేకుల కప్పు కింద ఆ అరుపు రెండుసార్లు మోగింది. నా కుడిచెయ్యి పెన్ను వదిలేసి, ఎవరి మోచెయ్యో పట్టుకున్నట్టు బిగుసుకుంది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ మాట వింటే నాకు కోపమే వస్తుంది. అందులో సగం నాకు జూడో నేర్పిన మునిసామి మేస్త్రిది.

ఆయన తాపీ పనివాడు. వయసులో ఉన్నప్పుడు బెంగుళూరులో సైనికుల క్వార్టర్స్ కట్టే పనికి పోయి, సాయంత్రాలు ఒక హవల్దారు దగ్గర జూడో నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక మా ఊరు కంబైనల్లూరులో ఎవరో వదిలేసిన సిమెంటు గోడౌనులో మాకు నేర్పేవాడు. మాది బజారులో కిరాణా కొట్టు. మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మేస్త్రి ఇంట్లోనూ అంతే. అందుకే మిగతా పిల్లలను తమిళంలో తిట్టేవాడు, నన్ను మాత్రం తెలుగులో. ఇంటి భాషలో తిడితే ఒంటికి పడుతుందనేవాడు.

జూడో అంటే అందరికీ తెలిసింది ఎత్తి పడేయడం. పడేయాలంటే కింద మెత్తటి మ్యాట్లు కావాలి. మాకున్నవి ఊక నింపిన గోనెసంచులు, వాటి మీద లాగి కట్టిన తార్పాలిన్. నాలుగు రోజులకే ఊక పక్కలకు జరిగి కింద సిమెంటు తగిలేది. కొత్త ఊక పోసిన రోజున మాత్రం మేస్త్రి పడేసే ఎత్తులు నేర్పేవాడు. మిగతా రోజులన్నీ నేల పట్లే: అదిమి పట్టడం, గొంతు బిగించడం, మోచెయ్యి మెలిపెట్టడం. ఎదుటి పిల్ల బోర్లా పడి తాబేలులా ముడుచుకుంటే, ఆమెను వెల్లకిలా తిప్పడానికి మేము ఎంతసేపైనా పెనుగులాడేవాళ్ళం.

"తొందరేమిమ్మా?" అనేవాడు మేస్త్రి. "పాత గోడలో ఇటుక తీసేటప్పుడు గుంజుతారా? చుట్టూ సున్నం గీరు. అదే వదుల్తుంది."

"గోడ ఊరికే ఉంటుంది మేస్త్రీ. ఈమె కరుస్తా ఉంది!"

"కరవనీ. పండ్లు నొప్పెత్తితే ఆమే విడుస్తుంది."

పన్నెండో తరగతిలో నాకు మార్కులు తక్కువ వచ్చాయి. సర్కారు కాలేజీలో ఇంజనీరింగ్ సీటు రావాలంటే ఆటల కోటా ఒక్కటే దారి. జిల్లాలో గెలిచి రాష్ట్ర పోటీకి పోతే ఆ దారి తెరుచుకుంటుంది. చివరి కుస్తీ సేలం క్రీడా హాస్టలులో ఉండి చదివే మా జిల్లా అమ్మాయితో. ఆమె మంచి మ్యాట్ల మీద పెరిగిందని మొదటి పట్టులోనే తెలిసిపోయింది. నేను ఆమె కాలరు పట్టుకుని, నాకు తెలిసిన చోటికి, నేల మీదికి, లాక్కుని కూర్చున్నాను. హెచ్చరిక పడింది. పడేయకుండా కిందికి లాగడం తప్పట. రెండోసారి ఆమె ఎత్తే విఫలమై బోర్లా పడింది. వీపు మీదికెక్కి మోచెయ్యి చుట్టూ సున్నం గీరినట్టు గీరడం మొదలుపెట్టాను. మోచెయ్యి వదులయింది. సందులోకి నా మణికట్టు దూరింది. "మత్తే!"

లేచి నిలబడాల్సి వచ్చింది. మరో రెండుసార్లు అదే జరిగింది. నేల మీద పని ముందుకు సాగుతున్నట్టు రెఫరీకి కనబడకపోతే ఆపేయవచ్చు. ఎంతసేపు చూడాలన్నది ఆయన ఇష్టం. ఆ అమ్మాయికి ఇది తెలుసు. ముడుచుకుని పడుకుంటే చాలు, ఆట ఆపే మనిషి పక్కనే ఉన్నాడు. నాకు పడిన హెచ్చరిక ఆమెకు పాయింటయింది. ఒక్కసారి కూడా నన్ను పడేయకుండానే ఆమె గెలిచింది.

బయటికొచ్చి మేస్త్రి మీద విరుచుకుపడ్డాను. "ఈ రూలు నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నేల పట్లే ఎందుకు నేర్పినావు?"

ఆయన నా వైపు చూడలేదు. "ఆ తార్పాలిన్ మీద దినామూ నిన్ను ఎత్తి పడేసి ఉంటే, నీ మెడకు ఎవరు జవాబు చెప్తారు? మీ నాయనకు నేను ఏమని చెప్పేది?"

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. మాకు మ్యాట్లు లేవు కాబట్టి నేల నేర్చుకున్నాం. మ్యాట్లు ఉన్నవాళ్ళను చూసి రాసిన రూలు నేలకు గడువు ఇవ్వలేదు.

మేస్త్రి నన్ను వెంటబెట్టుకుని నిర్వాహకుల బల్ల దగ్గరికి పోయాడు. అక్కడ ఉన్న పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడు. "కింద పడి గంటలు గంటలు దొర్లితే చూసేవాళ్ళకు విసుగు, మేస్త్రీ. పైనుంచి వచ్చిన రూలు."

"విసుగైనోళ్ళను బయటికి పోయి టీ తాగి రమ్మనండి సార్. ఆడేవాళ్ళను ఆడనీండి."

పెద్దమనిషి నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. పోటీకి ముందు ఒక్క నెలైనా ఊరూరికి మ్యాట్లు పంపమని మేస్త్రి చెబుతుంటే నేను తమిళంలో అర్జీ రాశాను. మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు. సీటూ రాలేదు. అందువల్లే పత్రికలోకి వచ్చావు, సంతోషించు అనేవాళ్ళున్నారు. నేను సంతోషించను.

చాలా ఏళ్ళకు, మేస్త్రి మోకాళ్ళు పాడయ్యాక, బెంగుళూరులో బ్రెజిలియన్ జిజిట్సు పోటీలకు ఆయనను తీసుకువెళ్ళాను. జూడోలోంచే పుట్టి నేల మీదే ఎదిగిన విద్య అది. అక్కడ ఎంతసేపు దొర్లినా ఎవరూ లేపలేదు. మేస్త్రి ముఖం వెలిగింది. కాసేపటికి ఒక కుర్రవాడు కుస్తీ మొదలవగానే చతికిలబడి ప్రత్యర్థిని కాళ్ళ మధ్యకు పిలిచాడు. ఇంకొకడు మీదెక్కి అదిమిపెట్టాడు. మూడు సెకండ్లకు పాయింట్లు పడ్డాయి; ఆ తరువాత ఎంతసేపు అదిమినా దానికి విలువ లేదు. జూడోలో అదే పట్టు ఇరవై అయిదు సెకండ్లు నిలిపితే పూర్తి గెలుపుగా ఉండేది. ఇప్పుడు ఇరవైకి తగ్గించారు.

"ఆడ కూర్చుంటే తప్పు, ఈడ కూర్చుంటే తెలివి," అన్నాడు మేస్త్రి. "ఆడ బోర్లా పడుకున్న పిల్ల గెలిచింది. ఈడ పడుకుంటే ఈపెక్కి గొంతు పడతారు. ఒంట్లో ఎముకలు మారినాయామ్మా?"

"రూలు మారింది మేస్త్రీ."

"ఎవుర్ని అడిగి?"

ఆయన పోయి నాలుగేళ్ళయింది. పోయిన నెల పోటీల వార్తలో గెలిచినవాళ్ళ పేర్లతో పాటు, ఓడిన ప్రతి పిల్లా ఎక్కడ సాధన చేస్తుందో రాశాను: బడి వరండా, కల్యాణ మంటపం మేడ, కోళ్ళఫారం షెడ్డు. స్థలం లేదని డెస్కులో ఆ వాక్యం కొట్టేశారు. ఫోను చేసి, గెలిచినవాళ్ళ ఫోటో చిన్నది చేయండి, స్థలం వస్తుందన్నాను.

"చదివేవాళ్ళకు అవన్నీ ఎందుకక్కా?" అన్నాడు సబ్ ఎడిటర్.

ఆ కోళ్ళఫారం షెడ్డు కూడా అచ్చులోకి ఎక్కుతుందని ఒప్పుకునేదాకా నేను ఫోను పెట్టలేదు.